పరాష్కం

“మూత తీసి కండ్లల్ల కొట్టాలె బిడ్డా,” అంటూ కాటమయ్య పెప్పర్ స్ప్రే డబ్బాను కూతురు నిరోష చేతిలో పెట్టాడు. అచ్చంపేట ఆసుపత్రిలో ఆమె కొలువుకు ఇదే తొలిరోజు.

వాకిట్లో హారన్ మోగింది. ఆమెను బండి మీద దిగబెట్టడానికి మేనబావ బాలకృష్ణ వచ్చాడు.

“ఆగు అల్లుడా, వస్తాంది,” కాటమయ్య కేకేశాడు.

“ఎవలకు కొట్టాలె, బాపూ?”

“మీద చెయ్యేసినోనికి.”

“బావకు గూడనా?”

కాటమయ్య నవ్వాడు. “వరసైనోడాయె, నవ్వులాటకు పరాష్కమాడతడు. గంతే గదనే.”

నిరోష నవ్వలేదు. డబ్బా మూత తీసి వాకిలి వైపు పట్టుకుంది.

హారన్ మళ్లీ మోగింది. కాటమయ్య ముఖంలో నవ్వు ఆరిపోయింది. వాకిట్లోకి నడిచాడు.

“బాలకృష్ణా, నువ్వు పో,” అన్నాడు, ఏనాడూ పేరుపెట్టి పిలవని మేనల్లుడితో. “నా బిడ్డను బస్సుల నేనే తోల్కపోత.”

“ఏమైంది మామా?”

“పరాష్కాలు బందైనయి.”