ఆఫ్టర్‌బర్నర్ ముందు వేసిందెవరు?

"ఆఫ్టర్‌బర్నర్ ముందు వేసిందెవరు?" కమాండర్ బల్ల మీద అరచేత్తో ఒక్కటిచ్చాడు.

బావ నోరు తెరిచేలోపే పక్కనున్న బావమరిది అందుకున్నాడు. "నేనే సార్. సరదా పుట్టింది. లీడర్ వద్దంటూనే ఉన్నారు."

లీడరంటే బావే. వద్దనడమా! ఆ పొద్దున ఇద్దరి ఫైటర్ విమానాలూ జంటగా తిరిగొస్తుంటే, "చేతనైతే అందుకోరా!" అని రేడియోలో కవ్వించి, ముందుగా ఆఫ్టర్‌బర్నర్ వేసి తోకలో మంట వెలిగించింది ఈ మహానుభావుడే. ఇంజను వెనక ఇంకాస్త ఇంధనం చల్లి మండిస్తే విమానాన్ని తోసే బలం ఒకటిన్నర రెట్లవుతుంది, తాగుడు మాత్రం నాలుగైదు రెట్లు. పైగా లీడర్ తిన్నగా పోతాడు. వెనకవాడు అతని పక్కన నిలవాలని ఇంజను జోరు మార్చే థ్రాటిల్‌ని ముందుకీ వెనక్కీ జరుపుతూ మరింత తగలేస్తాడు. అందుకే వెనకవాడి ట్యాంకులో ఎంతుందో అడిగి తెలుసుకోవడం లీడర్ పని. ఈయనగారికి ఆ పని గుర్తే రాలేదు. బావమరిది చక్రాలు రన్‌వేని తాకీ తాకగానే ఇంజను ఆరిపోయింది. విమానాన్ని ట్రాక్టర్‌తో లాక్కొచ్చారు.

"ఇంకో నిమిషం ఆలస్యమైతే ఇళ్ళ మీద పడేవాడివి, తెలుసా? నువ్వేమంటావోయ్?" కమాండర్ బావ వైపు తిరిగాడు.

ఆ పాత విమానాల్లో ఎవరు ఎప్పుడు మంట వేశారో పట్టిచ్చే పరికరాలేవీ లేవు. వీళ్ళ మాటే సాక్ష్యం.

"చెప్పేదేముంది సార్," అన్నాడు బావ, తన బూట్లవంక చూసుకుంటూ. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనిపించింది.

బయట వరండాలో బావమరిది అతని చెయ్యి పట్టుకున్నాడు. "మొహం అలా వేలాడేయకు బావా. లీడర్‌వి, నీకైతే ఉద్యోగమే ఊడుతుంది. నాకైతే నాలుగు చీవాట్లు పెట్టి, ఓ నెల నేల మీద కూర్చోబెడతారు. అక్క దగ్గర మాత్రం నోరు జారకు."

"సరేరా," అనేశాడు బావ, సిగ్గులేకుండా.

మర్నాడు మధ్యాహ్నం ఉత్తర్వు వచ్చింది. బావమరిది ఇక జన్మలో ఫైటర్ ఎక్కకూడదు. ఆఫీసులో కుర్చీ, ఫ్యాను.

"వాడెంత ఆకతాయో చూశారా! మీరు వద్దంటున్నా వినలేదట. మీకెంత తలవంపులు తెచ్చాడండీ!" అంటూ భార్య కంచంలో కూర వడ్డించింది. బావ కంచం పక్కకి నెట్టాడు. చెయ్యి కడుక్కుని, పరుగులాంటి నడకతో కమాండర్ గదిలోకి వెళ్ళిపడ్డాడు.

"సార్, మంట వేసింది నేను. వాణ్ణి రెచ్చగొట్టింది నేను. ఇంధనం ఎంతుందని అడగనిది నేను. నిన్న పిరికివెధవలా నోరు మూసుకున్నాను. వాణ్ణి మళ్ళీ ఎగరనివ్వండి, నన్ను పీకెయ్యండి." ఛాతీ మీది పైలట్ రెక్కల బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు.

కమాండర్ లేచొచ్చి, ఆ బిళ్ళని స్వయంగా మళ్ళీ అతని చొక్కాకి తగిలించాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"నిజం సార్! ఒట్టు!"

"ఒట్టు కూడా వేస్తావని చెప్పాడయ్యా! 'మా బావది వెన్నలాంటి మనసు సార్, నన్ను కాపాడ్డానికి తప్పంతా తన నెత్తిన వేసుకుని వస్తాడు, అస్సలు నమ్మకండి' అని పొద్దున్నే వచ్చి మరీ చెప్పి వెళ్ళాడు మీ బావమరిది."