లేచి నిలబడని పిల్ల

దగ్గరకు జరగండర్రా, నా కోపం చల్లారకముందే ఇది చెప్పాలి.

మార్కులు తగ్గాయని నా మనవరాలు సుజానా బడికి నన్ను పిలిపించారు.

“పోయినేడు క్లాసు ఫస్టు. ఇప్పుడు లెక్కల్లో ఫెయిలు. నోరే విప్పదు, చూడమ్మా,” అని గౌరీశంకర్ మాస్టారు పిల్లవైపు తిరిగాడు. “సుజానా, లే. పన్నెండు పదిహేనులు ఎంత?”

పిల్ల సగం లేచిందో లేదో, వెనక బెంచీల మీద ధింసా దరువు మోగింది.

“మీ అమ్మమ్మనాగ ఓ స్టెప్పెయ్యే గుంటా! వీడియో తీత్తాం!”

నేను అరకులో టూరిస్టుల ముందు ధింసా నాట్యం ఆడతాను. సుజానా తల దించుకుని కూర్చుండిపోయింది.

“చూశావా? రాదు,” అన్నాడు మాస్టారు.

“ఆ దరువు రోజూ ఏత్తారా?”

“పిల్లలు కదమ్మా, సరదాకి.”

నా ఒళ్లు మండిపోయింది. “సరదా ఏటి బాబూ? మార్కులు తగ్గాయని నన్ను పిలిసినావు. తగ్గించినోళ్ల అమ్మా బాబులని పిలవలేదేటి?”

నేరుగా పిల్ల దగ్గరకు వెళ్లాను. ధింసాలో పక్కమనిషి వీపు వెనకనుంచి చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంటాం. అలాగే పట్టుకుని లేపాను.

“ఇప్పుడు సెప్పమ్మా.”

మళ్లీ దరువు మొదలైంది. మాస్టారు నా మొహం చూసి, డస్టరుతో బల్ల మీద కొట్టాడు. “ఆపండ్రా!”

“నూట ఎనభై,” అంది సుజానా. “నాకెప్పుడూ వచ్చు సార్. లేవాలంటేనే భయం.”



ఇది గుర్తుంచుకుని పదిమందికీ చెప్పండి. మీ బడిలో ఏ పిల్లైనా లేవడం మానేస్తే, ముందు వెనక బెంచీలవైపు చూడమని మీ మాస్టారికీ చెప్పండి.