మోకాళ్ళ దాకా దేవుడు

గుహాలయంలో గైడు టార్చి వేశాడు. బండలో చెక్కిన విష్ణుమూర్తికి కిరీటం, కళ్ళు, హారాలు అన్నీ చక్కగా కుదిరాయి. మోకాళ్ళ కింద మాత్రం ఒట్టి రాయే.

చూడ్డానికి వచ్చింది ఇద్దరే, ఇళ్ళు కట్టే మేస్త్రీ, అతని భార్య. మేస్త్రీ ఒక స్తంభాన్ని అరచేత్తో నిమిరాడు.

"వెంట్రుకవాసి తేడా లేదు. పనంటే ఇదీ," అన్నాడు.

"మరి కాళ్ళేవి?" అని భార్య గైడును అడిగింది.

"పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చేవాళ్ళమ్మా. మధ్యలో పని ఆగిపోయింది."

"రాయి దొరకలేదా?"

"కొండంతా రాయే కదమ్మా."

"పోనీ, చెక్కేవాడికి వేరేచోట పనులు తగిలాయా?"

మేస్త్రీ అవతలి స్తంభం చూడ్డానికి వెళ్ళాడు.

"అదేం లేదమ్మా. చెక్కించే రాజుగారు యుద్ధంలో పోయారు. ఆ దిగులుతో శిల్పి కూడా మంచం పట్టి పోయాడంటారు."

"పాపం. అయితే ఇంక అనడానికేం లేదు," అంటూ ఆమె లేని పాదాల వైపు వంగి దణ్ణం పెట్టుకుంది.

"ఇన్ని ప్రశ్నలు ఎవరూ అడగరమ్మా. మీకు పాత గుళ్ళంటే ఇష్టంలా ఉంది," అన్నాడు గైడు.

"గుళ్ళ సంగతి నాకేం తెలుసు నాయనా. మా వంటగది కిందినుంచి పైకి కట్టుకొచ్చారు. నడుం దాకా లేచి ఆగింది. మా పెద్దాడు పుట్టిన ఏడు మొదలెట్టారు, మొన్న వాడికి పెళ్ళి కూడా అయింది. మేస్త్రీ మాత్రం నిక్షేపంగా ఉన్నాడు. అదిగో, ఆ స్తంభం వెనకాల."