పచ్చబొట్టు పథ్యం

"ఇద్దరి రక్తంలోనూ తలసీమియా లక్షణం ఉంది," అంది ఆరోగ్యకేంద్రం నర్సమ్మ. "మీకేం జబ్బు లేదు. కానీ ఇద్దరిదీ కలిస్తే ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు బిడ్డకి తలసీమియా భయం. వస్తే జీవితాంతం రక్తం ఎక్కించాలి. పిల్లల్ని కనే ముందు పెద్దాసుపత్రిలో మాట్లాడండి."

ఖ్వాన్‌కి ఏమీ బోధపడలేదు. జబ్బు లేదంటుంది, ఉందంటుంది! పక్కన మొగుడు థావోన్ చూస్తే నవ్వు ఆపుకుంటున్నాడు. దారంతా బండి మీద ఈల వేస్తూనే ఉన్నాడు.

"పిల్లలు వద్దా నీకు?"

"ఇంటికి పద, చెప్తా."

ఇంటి మెట్ల మీద తోటికోడలు లమ్యై ఏడో నెల పొట్టతో కూర్చుని పచ్చిమామిడి ముక్కలు ఉప్పుకారంలో అద్దుకుని తింటోంది.

"ఏమన్నారే?"

"ఇద్దరికీ ఉందట అక్కా," ఖ్వాన్‌కి ఏడుపొచ్చేసింది.

"ఓస్! నాకూ ఉందన్నారు. మీ బావగారిని కూడా రక్తమిమ్మని కబురు మీద కబురు. కోతల రోజుల్లో ఎవరెళ్తారు? నేనే వద్దన్నా. మొన్న మోచేతికి ముల్లు గుచ్చుకుందని దూది అంటించుకొచ్చి, దానికే పూటంతా మూలిగాడు మహానుభావుడు! ఒకరికి ఉంటే ఏం కాదటలే. నీకే పాపం, ఇద్దరికీ..."

థావోన్ ఇక ఆగలేకపోయాడు. చొక్కా విప్పి వీపు చూపించాడు. నల్లగా నిగనిగలాడుతూ కొత్త పులి పచ్చబొట్టు.

"ఈ పచ్చబొట్టు మంత్రం ఒంటికి పట్టేదాకా ఒంట్లోంచి చుక్క రక్తం పోకూడదని, పొడిచిన గురువుగారు పథ్యం పెట్టారు. అందుకే రక్తపరీక్షకి నా గుర్తింపు కార్డిచ్చి ఇంకొకర్ని పంపా. ఆ రక్తం నాది కాదే పిచ్చిదానా!"

ఖ్వాన్ అతని వీపు మీద, సరిగ్గా పులి మూతి మీద, రెండు చరిచింది. ఏడుస్తూనే నవ్వింది.

"రేపే వెళ్ళి నీ రక్తం ఇస్తావు! పులీ లేదు, పిల్లీ లేదు!"

"ఇస్తాలేవే, కొట్టకు!"

లమ్యైకి నవ్వుతో పొట్ట కదిలిపోతోంది. కళ్ళు తుడుచుకుని మరో ముక్క కారంలో అద్దింది.

"ఒరే థావోన్, ఊరికే ఎవడెళ్తాడ్రా సూది పొడిపించుకోడానికి?"

"ఊరికే ఏంటి వదినా, సీసా సారా పోయించా."

"సీసా సారాకి చెయ్యి చాపిన ఆ వెర్రిబాగులాడు ఎవడ్రా?"

"అన్నయ్యే."