చెవి కోత గుర్తు

“రాయుండ్రి మేడం. మా గొర్లకు ఎడమ చెవి కొసకు కోత ఉంటది. అది మా ఇంటి గుర్తు,” అన్నాడు బీరన్న, భుజం మీది గొంగడి కూడా దించకుండా.

యశోద టీచర్ ఫోన్‌లో టైపు చేసింది. చివ్వెంలలో ఎవరిదో పొలంలో ఎరువు కోసం మంద పెడితే, తెల్లారేసరికి సగం గొర్లు మాయమైనాయట.

“పోలీసోళ్లకు చెప్పు బీరన్నా. ఇది పిల్లలు రాసినవి పెట్టే బ్లాగు.”

“చెప్పొచ్చిన. రేపు రమ్మన్నరు. మీరే అంటిరి గద మేడం, మా బిడ్డ స్వర్ణ రాసింది కోదాడ, మిర్యాలగూడ దాకా సదువుతున్నరని! దొంగలు అమ్మేది గా సంతల్లనే. అంతమందిల ఒక్కరన్న గుర్తుపట్టరా?”

స్వర్ణ ఎప్పుడో తీసిన మంద ఫోటో పెట్టి, కింద బీరన్న నంబరు వేసి, యశోద పోస్టు చేసింది. లింకు టీచర్ల గ్రూపులో పంపింది.

నిమిషం గడవకముందే ఆమె ఫోన్‌లో మెసేజ్ మోగింది. మళ్లీ మోగింది. బీరన్న ముఖం వెలిగింది.

“సూసిండ్రా మేడం? ఏమంటున్నరు?”

‘అద్భుతం మేడం!’ ‘చిన్నారి రచయిత్రికి అభినందనలు.’ ‘పల్లె జీవితాన్ని కళ్లకు కట్టింది.’

అందరూ తెలిసిన టీచర్లే. నిన్న వాళ్ల బడి పిల్లల కథల కింద తను పెట్టినవీ ఈ మాటలే. ఒక్క కథా తెరిచి చూడలేదు.

బీరన్న దగ్గరికి జరిగాడు.

“నాకు సదువు రాకపాయె. జర మీరే సదివి చెప్పుండ్రి మేడం.”