వెల్వెట్ హార్బర్ పెళ్ళిచూపులు

రాజరత్నం గారు టేప్‌రికార్డర్ మీట నొక్కి కళ్ళు మూసుకున్నారు. ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్న ఎడ్వర్డ్ కూడా గబుక్కున కళ్ళు మూసుకున్నాడు.

రాజరత్నం గారు పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ సూపర్‌వైజరు, చర్చిలో డీకను. ఆయన నవ్వగా చూసినవాళ్ళు సంఘంలో లేరు. అలాంటి మనిషికి డెబ్బైల నాటి ఇంగ్లీషు బ్యాండు పిచ్చి ఎలా పట్టిందో ఎడ్వర్డ్‌కి అంతుపట్టలేదు. నిస్సీ చెప్పింది కాబట్టి సరిపోయింది గాని, ఇంకెవరు చెప్పినా నమ్మేవాడు కాదు.

చర్చి క్వయరు పోటీల్లో టెక్కలి తరఫున ఎడ్వర్డ్ గిటారు వాయిస్తే, పలాస తరఫున ఆయన కూతురు నిస్సీ పాడింది. అప్పట్నించీ ఒకరంటే ఒకరికి ప్రాణం. మాట పెద్దల దాకా వచ్చింది, ఇక ఈయన సరే అనడమే మిగిలింది. అందుకే నెల ముందే నిస్సీ ఒక కేసెట్టు కాపీ చేయించి అతని చేతిలో పెట్టింది.

"మా నాన్నకి వెల్వెట్ హార్బరంటే పేనం. బాగోనేదన్నారంటే అంతే సంగతులు. ముందొచ్చినాయనకి ఈ పాటలినిపిత్తే నవ్వేడు. ఆ సంబంధం అక్కడితో సరి."

మరి నీకు నచ్చాయా అని అడిగితే, నా సంగతి తరవాత, ముందు మా నాన్న సంగతి సూడండి అంది.

ఒక గిటారు, ఒక గొంతు ఉంటే చాలనుకునేవాడు ఎడ్వర్డ్. ఈ పాటల్లో ముందు వయొలిన్లు, వాటి మీద బాకాలు, వాటి మీద పిల్లల కోరస్, అదీ చాలక చివర్లో గంటలు. అన్నం మెతుకు కనపడకుండా బిరియానీ నిండా జీడిపప్పు పోసినట్టుంది. అట్ట మీద తళతళలాడే ప్యాంట్లలో ఐదుగురు మగాళ్ళు. ఆ ప్యాంట్లు ఊరేగింపు బ్యాండుమేళం వాళ్ళు కూడా వేసుకోరు. ఇంతా తిట్టుకుని, నౌపడ ఉప్పుమళ్ళ పక్కన బండి మీద పోతూ నాలుగో పాట ఈల వేస్తూ తనకు తానే దొరికిపోయాడు. ఆ రోజంతా తన నోటి మీద తనకే కోపం.

ఇప్పుడు అదే నాలుగో పాట మోగుతోంది. కాలు దానంతటదే తాళం వేయబోతే రెండో కాలితో తొక్కిపెట్టాడు. ఓరకంట చూస్తే, రాజరత్నం గారు నొసలు ముడిచి పెదాలు కదుపుతున్నారు. ప్రతి మాటా కంఠతా వచ్చు కాబోలు అనుకున్నాడు.

ఉన్నట్టుండి కరెంటు పోయింది. ఇద్దరూ ఒక్కసారే ఊపిరి వదిలారు. పాపం, పెద్దాయనకి మంచి పాట మధ్యలో తెగిందే అని ఎడ్వర్డ్ జాలిపడ్డాడు. ఇంతలో నిస్సీ లోపల్నుంచి కొత్త బ్యాటరీలు తెచ్చి వేసింది. గంటలు మళ్ళీ మోగాయి.

మొదటి వైపు అయిపోయింది.

"ఎలగున్నాయి బాబూ?" అన్నారు రాజరత్నం గారు.

"ఏటని సెప్పను మావయ్యగారూ. ఆ వయొలిన్లు..." అన్నాడు ఎడ్వర్డ్.

"అవును, వయొలిన్లు," అన్నారాయన భారంగా. "రెండో వైపు కూడా ఇందావేటి?"

"మీరింటానంటే నానూ ఇంటాను."

నిస్సీ కేసెట్టు తిప్పి పెట్టింది. నిస్సీ తల్లి దయమ్మ గారు తెచ్చిన జీడిపప్పు పకోడీ చల్లారిపోయింది గాని ఆ ఇద్దరూ కళ్ళు తెరవలేదు.

చివరి గంట ఆగాక రాజరత్నం గారు గొంతు సవరించుకున్నారు. "మనిషన్నాక ఏదో ఒక పిచ్చి ఉంటాది బాబూ. దానికేటి? మనసు మంచిదైతే సాలు. పిల్లనిత్తాను."

ఆయన బలహీనత ఆయనే ఒప్పుకున్నందుకు ఎడ్వర్డ్‌కి ముచ్చటేసింది. ఆపైన ఆయన చేసిన ప్రార్థనలో ఒక్క ముక్కా చెవికెక్కలేదు. సంతోషంతో తల తిరుగుతోంది. బయల్దేరి గుమ్మం దగ్గర రెండు చెప్పులూ తారుమారుగా తొడుక్కుని, మళ్ళీ విప్పి తొడుక్కున్నాడు.

అంతలో రాజరత్నం గారు గబగబా వచ్చి కేసెట్టు అతని చేతిలో పెట్టారు.

"ఇది నువ్వే అట్టుకెళ్ళిపో బాబూ."

ఎడ్వర్డ్ కళ్ళు చెమర్చాయి. "వద్దు మావయ్యగారూ. మీ పేనవంతా ఇందులోనే ఉందంట కదా. మీ దగ్గరే ఉండనీండి."

"నా పేనవా?" రాజరత్నం గారు తెల్లబోయారు. "నీ పేనవని కదేటి నిస్సీ సెప్పింది? నీ కోసవని వారం బట్టి దేవుణ్ణి తలుసుకుంటా అలవాటు సేసుకుంటన్నాను."

ఇద్దరూ ఒక్కసారే వెనక్కి తిరిగారు. గుమ్మంలో నిలబడ్డ నిస్సీ ముందుకొచ్చి, ఎడ్వర్డ్ చేతిలోంచి కేసెట్టు తీసుకుని, చున్నీతో మెల్లగా తుడిచింది.

"ఇది నాది," అంది.