శనివారం సోదాలు

"ఈ ఇంట్లో అమెరికా సరుకు ఒక్కటి కూడా ఉండకూడదు. వెతికి పట్టుకో," అన్నాడు కాశీవిశ్వనాథం.

నర్సింహ వంటగది అల్మారా తెరిచాడు.

ఆ ఫిబ్రవరిలో కెనడా అంతటా ఇదే మాట. అమెరికా సుంకాలు పెంచుతానంది. కెనడావాళ్లకు కోపం వచ్చింది. దుకాణాల్లో జనం డబ్బాలు తిప్పి చూసి, అమెరికాలో తయారైందని ఉంటే ఎక్కడిదక్కడ పెట్టేస్తున్నారు. ఒషావాలో కోపం ఇంకాస్త ఎక్కువ. అది కార్ల ఫ్యాక్టరీల ఊరు. కాశీవిశ్వనాథం అక్కడే ఓ విడిభాగాల కంపెనీలో ముప్ఫై ఏళ్లు ఇంజినీరుగా చేసి రిటైరయ్యాడు.

నర్సింహ నల్గొండ నుంచి వచ్చి ఆ ఊళ్లో కాలేజీలో చదువుతున్నాడు. అతను పార్ట్‌టైమ్ చేసే గోదాములో జనవరిలో ఒక షిఫ్టు ఎత్తేశారు. అది అతని షిఫ్టే. 'ఏ పనైనా చేస్తాను' అని కాగితం మీద రాసి లైబ్రరీ బోర్డుకు అంటించాడు. దానికి వచ్చిన ఫోన్ ఇదొక్కటే. వారానికి గంట పని.

మొదటి రోజు అరగంటలో పదకొండు దొరికాయి. పీనట్ బటర్, ఓట్స్, టమాటా డబ్బాలు, కాలిఫోర్నియా బాదంపప్పు, టెక్సాస్ బియ్యం. అన్నీ టేబుల్ మీద వరసగా పెట్టాడు.

"తీసుకెళ్లి పారెయ్," అన్నాడు కాశీవిశ్వనాథం. "మా చెత్తబుట్టలో మాత్రం వద్దు. పక్కింటివాళ్లు చూస్తే పరువు పోతుంది."

"సీల్ కూడ తియ్యలేదు అంకుల్."

"అయితే మరీ ప్రమాదం. ముందు వాటిని బయటికి పంపు."

ఆయన భార్య అన్నపూర్ణ పొయ్యి దగ్గర్నుంచి అడిగింది. "ఇడ్లీ తింటావా బాబూ?"

"వద్దాంటీ, తినే వచ్చిన."

"సరే, డార్ట్స్ ఆడతావా?" అన్నాడు కాశీవిశ్వనాథం. మే నెలలో ఆయన క్లబ్బులో జంటల పోటీ ఉంది. ఆయన జోడీ మోకాలి ఆపరేషన్ చేయించుకున్నాడు.

బేస్‌మెంట్ గోడకు గుండ్రటి బోర్డు వేలాడుతోంది. నర్సింహ విసిరిన మొదటి డార్ట్, వేలెడంత సూదిబాణం, కార్పెట్ మీద పడింది. రెండోది హీటర్‌కి తగిలింది. మూడోది పక్కనున్న క్యాలెండర్లో ఫిబ్రవరి పదిహేడో తేదీ మీద గుచ్చుకుంది.

"మోచెయ్యి కదలకూడదు. ముంజెయ్యే ఆడాలి. ఆ వణుకేంటి?"

"చలి అంకుల్."

బేస్‌మెంట్ వెచ్చగానే ఉంది. కాశీవిశ్వనాథం కార్పెట్ మీది డార్ట్ తీసి మళ్లీ అతని చేతికిచ్చాడు.

బస్టాపులో పెద్ద చెత్తడబ్బా ఉంది. నర్సింహ రెండు సంచులతో దాని ముందు నిలబడ్డాడు. మూత ఎత్తాడు. మళ్లీ దించాడు. బస్సు వచ్చింది. సంచులతోనే ఎక్కాడు.

అతనితో గదిలో ఉండే విష్ణు, రామ్మోహన్ సంచులు విప్పారు. బియ్యం కడిగి కుక్కర్ పెట్టారు.

ఈ ఒక్కసారికే అనుకున్నాడు నర్సింహ.

తర్వాతి శనివారం తొమ్మిది దొరికాయి. ఆపై వారం పద్నాలుగు.

"మీ ఆంటీకి ఎన్నిసార్లు చెప్పినా లేబుల్ చూడదు," అన్నాడు కాశీవిశ్వనాథం విసుగ్గా.

"అలవాటు పోవడం లేదు బాబూ," అంది అన్నపూర్ణ తల దించుకుని.

"పోయిన వారం వాటిని ఏం చేశావ్?"

"పారేసిన అంకుల్."

"ఎక్కడ?"

"దూరంగ."

"శభాష్. ఈ దేశానికి నీలాంటివాళ్లే కావాలి."

నర్సింహ తల ఎత్తలేకపోయాడు.

ఏప్రిల్ వచ్చేసరికి డార్ట్‌లు బోర్డు దాకా వెళ్లడం మొదలైంది. చెయ్యి వణకడం లేదు. అంతా ప్రాక్టీసు మహిమ అన్నాడు కాశీవిశ్వనాథం. మే పోటీలో ఇద్దరూ మొదటి రౌండులోనే ఓడిపోయారు. గెలిచినవాళ్లు ఎనభై దాటిన అక్కాచెల్లెళ్లు. అయినా నర్సింహ ఒక్కసారి సరిగ్గా నడిమధ్యలో కొట్టాడు. ఆ సంగతి కాశీవిశ్వనాథం క్లబ్బులో ప్రతి టేబుల్ దగ్గరికీ వెళ్లి చెప్పాడు.

సోదాలు మాత్రం ఆగలేదు. జూన్ మొదటి శనివారం ఏకంగా ఇరవై రెండు దొరికాయి.

"నాలుగు నెలలైంది. చదువుకున్నదానివి, సిగ్గుండక్కర్లేదూ?" అని భార్యని కసిరాడు కాశీవిశ్వనాథం. ఆమె పక్క గదిలోకి వెళ్లిపోయింది.

ఆ రోజు తెచ్చిన బియ్యంతో వండిన అన్నం నర్సింహ సగంలోనే వదిలేసి లేచాడు. ఏ సరుకుల కోసం ఆవిడ మాట పడిందో వాటినే తను తింటున్నాడు. తనను నమ్మిన పెద్దాయనకు వారం వారం అబద్ధం చెబుతున్నాడు. ఇది దొంగతనం కాకపోతే మరేమిటి?

ఆ వారంలోనే దగ్గర్లోని ఏజాక్స్ ఊళ్లో ఓ సూపర్ మార్కెట్లో పని దొరికింది. శనివారం వెళ్లి అంతా చెప్పేయాలని నిర్ణయించుకున్నాడు. తిడితే పడాలి. రావద్దంటే మానేయాలి. ఆంటీ కాళ్లకు దండం పెట్టి రావాలి. ఏం చెప్పాలో రెండుసార్లు కాగితం మీద రాసుకున్నాడు కూడా.

శుక్రవారం మొదటి షిఫ్టు. ఏప్రన్ కట్టుకుని డబ్బాలు సర్దుతుంటే, షెల్ఫుకు అవతలి వైపు నుంచి తెలిసిన గొంతు వినిపించింది. సందులోంచి చూశాడు. ట్రాలీ పట్టుకుని అన్నపూర్ణ. పక్కన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, టమాటా డబ్బా మీది అక్షరాలు చదువుతూ కాశీవిశ్వనాథం.

"ఇది కెనడాది అన్నపూర్ణా, ఇంట్లో పెడితే నర్సింహ తీసుకెళ్లడు, అమెరికాది వెతుకు," అంటూ ఆయన ఆ డబ్బాని తిరిగి షెల్ఫులో పెట్టేశాడు.